జుర్రుపిట్టకు యాట

ఆ ఆదివారానికి భవిత వేసుకున్న పథకం చాలా చిన్నది. ఆరింటికి లేవాలి. ఇంటి వెనక రేకుల షెడ్డు ఊడ్చి, బల్ల మీద పటం పరిచి, నాలుగు కుర్చీలు వేయాలి. పదింటికి పద్మలత గారు వస్తారు. ఒక గంట ఆట, ఆ తర్వాత టీ, ఉస్మానియా బిస్కెట్లు. పన్నెండింటికల్లా ఆవిడను సాగనంపి హాయిగా ఒక కునుకు తీయాలి. ఇందులో చెడిపోవడానికి ఏమీ లేదని ఆమె రెండుసార్లు సరిచూసుకుంది కూడా.

ఆట అంటే క్యారమ్స్ లాంటిది కాదు. బల్ల చుట్టూ కూర్చుని ఆడే కథ. ఒకరు కథ చెబుతారు. మిగతావాళ్లు అందులో వీరులో, దొంగలో, మంత్రగాళ్లో అయిపోయి ఏం చేస్తారో చెబుతారు. చేసింది ఫలించిందా లేదా అన్నది ఇరవై ముఖాల పాచిక తేలుస్తుంది. భవిత కొంపల్లిలో ఒక రక్తపరీక్షల కేంద్రంలో ల్యాబ్ టెక్నీషియన్. వారానికి ఆరు రోజులు జనం చేతుల్లోంచి రక్తం తీయడం, సాయంత్రం శామీర్‌పేట దారిలో ఉన్న ఇంటికి రావడం, అన్నం తినే లోపు ఒక పేజీ రాయడం. ఇలా రెండేళ్లు రాసి ‘ఏడు గుట్టల సీమ’ అనే ఆటను తయారుచేసింది. మొత్తం నూట నలభై పుటలు. అందులో రాజులున్నారు, కోటలున్నాయి, తరతరాల శాపాలున్నాయి. కానీ ఎవరు చదివినా ఆగేది జుర్రుపిట్ట దగ్గరే.

జుర్రుపిట్ట గురించి కొంచెం చెప్పాలి, అది చెప్పుకోదగ్గ ప్రాణి. నాటుకోడి అంత ఉంటుంది. రెక్కలు గబ్బిలానివి, కాళ్లు నాలుగు, ముక్కు జానెడు పొడవున్న సూది. గుహల కప్పుకు తలకిందులుగా వేలాడుతూ మనిషి అలికిడి కోసం చూస్తుంది. వాలినట్టు తెలియదు, గుచ్చినట్టు తెలియదు. ఒక్క పోటుకే నరం దొరకబుచ్చుకుంటుంది, రెండో పోటు పొడవడం దానికి నామోషీ. సరిగ్గా రెండు టీ గ్లాసుల రక్తం తాగుతుంది, అంతకు మించి చుక్క ముట్టదు. తాగాక ఆ బరువుతో ఎగరలేక కాసేపు అక్కడే వేలాడుతుంది. రక్తం తాగే రాక్షసులను ఊహించినవాళ్లు లోకంలో చాలామందే ఉంటారు. ఇంత పనితనం ఉన్నదాన్ని ఊహించాలంటే మాత్రం రోజుకు అరవై చేతులు పట్టుకున్న అనుభవం ఉండాలి.

ఇలాంటి ఆటల పుస్తకాలు అచ్చువేసే చిన్న సంస్థ ఒకటి నగరంలో ఉంది. దాన్ని నడిపేది పద్మలత. ఆవిడ నూట నలభై పుటలూ చదివి ఫోన్ చేసింది. గుట్టలు బాగున్నాయంది, శాపాలు బాగున్నాయంది, జుర్రుపిట్ట దగ్గరికి వచ్చేసరికి నిట్టూర్చింది.

"రక్తం తాగే ఎగిరే జంతువు లేని ఆటే లేదమ్మా. వస్తుంది, తాగుతుంది, వీరుడి చేతిలో చస్తుంది. దాన్ని తీసేయడం మంచిది. లేదు, ఉండాల్సిందే అంటే ఆదివారం వచ్చి ఆట చూస్తాను. పిట్టను ఉంచాలో తీసేయాలో, అసలు పుస్తకం వేయాలో వద్దో, అప్పుడే తేల్చేస్తాను."

ఆ పూట భవితకు అన్నం సయించలేదు. ఏమైందని నాయనమ్మ బాలనర్సమ్మ అడిగితే, భవిత కంచంలో వేళ్లు ఆడిస్తూ ఉన్న మాటే చెప్పింది. "అవ్వా, నా పుస్తకం అచ్చయితదో లేదో ఇగ జుర్రుపిట్ట చేతుల్నే ఉన్నది."

బాలనర్సమ్మ ఆ మాటను జాగ్రత్తగా విన్నది. ఆమెకు ఇలాంటి సంగతులు కొన్ని ముందే తెలుసు. మనవరాలి గదిలో గోడగూట్లో ఒక విచిత్రమైన బొమ్మ ఉంది. కాగితపు గుజ్జుతో ఒళ్లు, పాత గొడుగు గుడ్డతో రెక్కలు, ఎర్ర పూసల కళ్లు. పిల్ల డ్యూటీకి వెళ్లేముందు రోజూ దాని ముక్కును మెల్లగా తాకి వెళుతుంది. అతుకు ఊడిందేమో చూసుకోవడానికి తాకుతుందని బాలనర్సమ్మకు ఎవరు చెబుతారు? ఆమె కూడా రెండేళ్లుగా ఆ బొమ్మ మీద దుమ్మును కొంగుతోనే దులుపుతోంది, చీపురు తగలనీయలేదు.

రెండు రోజులకు, అంటే గురువారం పొద్దున, భవిత స్నానానికి వెళ్లినప్పుడు అవ్వ ఆమె ఫోన్‌లో భజనలు పెట్టుకోబోయి పొరపాటున ఇంకేదో నొక్కింది. కొంపల్లిలో ఉండే విశ్వతేజ గొంతు వినిపించింది. భవితతో కలిసి ఆట ఆడే పిల్లవాడు, వాళ్లది కోస్తా నుంచి వచ్చిన ఉద్యోగస్తుల కుటుంబం. "భవితా, ఆదివారం పదింటికి జుర్రుపిట్ట వేట పక్కాయే కదా? నేనూ చెల్లీ వస్తున్నాం. మొదటి దెబ్బ నాదే. ఈసారి రక్తం ఏరులై పారాలి."

ఆటలో వేట అంటే జుర్రుపిట్టను వెతికి చంపడం. బాలనర్సమ్మ ఇంట్లో ఆ మాటకు ఒకటే అర్థం, యాట. అమ్మవారికి మొక్కుకుని, కోసి, నలుగురికీ పెట్టే మేకపోతు. పైగా ఒంట్లో ఓపిక ఉన్నన్నాళ్లు ఆమె కొంపల్లి అపార్ట్‌మెంట్ల ముందు కూరగాయలు అమ్మింది. ఆంధ్రా వాళ్లు యాటమాంసాన్ని వేట మాంసం అంటారని ఆమెకు బాగా తెలుసు. తెలియనివాళ్లయితే ఒకసారి అడిగి ఉండేవాళ్లు. తెలిసినందువల్ల ఆమెకు అడగాల్సిన పని పడలేదు.

పుస్తకం కోసం పిల్ల మొక్కుకుంది, నోరు విప్పి చెప్పుకోలేక దోస్తులతో కానిచ్చేద్దామనుకుంటోంది. అవ్వకు కళ్లలో నీళ్లు తిరిగాయి. మొక్కు సంగతి మొక్కినవాళ్లను అడిగితే ఫలం పోతుందని ఆమె నమ్మకం. అందుకని భవితను అడగలేదు. దూలపల్లిలో మేకలు పెంచే తమ్ముడు గౌరయ్యకు మాత్రం ఫోన్ చేసింది.

"తమ్మీ, ఆదివారం మనింట్ల జుర్రుపిట్టకు యాట. మంచి పోతును తోల్కరా. పిల్లకు మాత్రం ఏం జెప్పకు."

గౌరయ్యకు జుర్రుపిట్ట ఎవరో తెలియదు. తెలియదని ఒప్పుకునే మనిషీ కాదు. ఆయన ఫోన్‌లో పిట్ట అన్న మాట సరిగా వినపడక, జుర్రమ్మ అని మరో ఇద్దరికి చెప్పాడు. ఆ ఇద్దరిలో ఒకరు, జుర్రమ్మ ఏడు గుట్టల మీద వెలసిందని ఎక్కడో విన్నట్టు చెప్పారు. ఆ మాట పూర్తిగా అబద్ధమూ కాదు. కబురు అల్వాల్ చేరేసరికి, భవిత రక్తం పరీక్షించే చోట పనిచేస్తుంది కాబట్టి, జుర్రమ్మ నెత్తురు రోగాలకు పెట్టింది పేరయింది. అల్వాల్‌లో ఉండే దుర్గాబాయి బాలనర్సమ్మకు వరసకు మరదలు. దుర్గాబాయికి పన్నెండేళ్లుగా షుగరు. తన రిపోర్టులన్నీ ఒక సంచిలో వేసుకుని, తనలాంటి వాళ్లను మరో పదిమందిని కూడగట్టుకుంది. రెండేళ్లు కష్టపడి భవిత ఒక సీమను సృష్టిస్తే, వీళ్లు ఫోన్ల మీద మూడు రోజుల్లో దానికి ఒక దేవతను, మహిమలను, భక్తులను సమకూర్చారు. ఈ నైపుణ్యాన్ని మెచ్చుకోకుండా ఉండలేం.

ఇంత జరుగుతుంటే భవితకు అనుమానం రాలేదా అంటే, రాకపోవడానికి కారణం ఉంది. ఆమె తండ్రి రాఘవేందర్‌కు టెంట్ హౌస్ ఉంది. ఆ ఇంటి ముందు ఎప్పుడూ ఏదో ఒక షామియానా ఆరుతూనో, మడతపడుతూనో ఉంటుంది. పెద్ద పెద్ద వంట గుండిగలు వస్తుంటాయి, పోతుంటాయి. శనివారమే తల్లిదండ్రులిద్దరూ ఒక పెళ్లి పని మీద వెళ్లారు. ఆదివారం పొద్దున ముంగిట్లో పనివాళ్లు టెంటు లేపుతుంటే భవిత ఒకసారి తొంగి చూసి, ఆరబెడుతున్నారు కాబోలనుకుని వెనక షెడ్డులోకి వెళ్లిపోయింది. గంటసేపటికి పొయ్యి పొగ వచ్చింది. అవ్వను అడిగితే, నీ దోస్తులొస్తరు గదా బిడ్డా, బువ్వ పెట్టొద్దా అంది. నలుగురికి వండడానికి మూడు పొయ్యిలు ఎందుకని భవితకు తోచింది గానీ, అవ్వ ప్రేమకు కొలతలు వేయడం బాగుండదని ఊరుకుంది.

తొమ్మిదిన్నరకు విశ్వతేజ, చెల్లెలు లిఖిత బండి మీద వచ్చారు. విశ్వతేజ ఆటలో వజ్రకంఠుడనే మహావీరుడు. పద్మలత గారి ముందు ఆట రక్తి కట్టాలని ఆ వేషంలోనే వచ్చాడు. భుజాల మీద ఎర్ర దుప్పటి, చేతిలో వెండి కాగితం చుట్టిన అట్టకత్తి. ముంగిట్లో నలభై, యాభై మంది కూర్చుని ఉండటం చూసి, ఇదంతా భవిత చేసిన ఏర్పాటేనని ముచ్చటపడ్డాడు. అప్పుడే ట్రాలీ ఆటోలోంచి మేకపోతును దించుతున్న గౌరయ్య ఆ కత్తిని చూశాడు.

"యాట పని నీదేనా కొడుకా?"

"అవునండీ, వేట నాదే. మొదటి దెబ్బ నేనే వేయాలని ముందే అనుకున్నాం."

"ఒక్క దెబ్బకు తెగుతదా?"

"పాచిక బాగా పడితే ఒక్క దెబ్బే చాలండీ."

పాచిక ఏమిటో గౌరయ్యకు అర్థం కాలేదు. ఆంధ్రా వాళ్ల పద్ధతి అయి ఉంటుందనుకున్నాడు. కుర్రవాడి ధైర్యం నచ్చి భుజం తట్టాడు, పోతు తాడు అతని చేతికిచ్చాడు. విశ్వతేజ ఇంట్లో కోడిగుడ్డు కూడా గుమ్మం దాటి లోపలికి రాదు. అతను ఆ మేకను కథలో గ్రామవాతావరణం కోసం తెచ్చారనుకుని, దాని మెడ నిమురుతూ నిలబడ్డాడు. మేక కూడా అతనితో బాగానే ఉంది.

సరిగ్గా పదింటికి పద్మలత కారు దిగింది. గుమ్మంలో దుర్గాబాయి బొట్టు పెట్టి, నువ్వు గూడ అమ్మ కోసమే వచ్చినవా అని ఆదరంగా అడిగింది. పద్మలతకు ప్రశ్న సగమే అర్థమైంది. అర్థమైన సగానికి ఉన్నదున్నట్టు జవాబు చెప్పింది.

"జుర్రుపిట్ట కోసమే వచ్చానండీ. ఉంచాలో తీసేయాలో ఈరోజు తేల్చాలి."

మేడ్చల్, శామీర్‌పేట చుట్టుపక్కల జనానికి ఈ మాట కొత్త కాదు. రోడ్డు వెడల్పు చేస్తామనో, హద్దు దాటిందనో చేతిలో ఫైలు పట్టుకుని వచ్చినవాళ్లంతా ఇలాగే అంటారు. పద్మలత చేతిలో ఫైలు ఉంది కూడా. ఆఫీసరమ్మ వచ్చింది, అమ్మను తీసేస్తదట అన్న కబురు టెంటు ఈ కొస నుంచి ఆ కొసకు పాకింది. పదిమంది ఆడవాళ్లు లేచి, టెంటు నడుమ కొలువుతీరిన అమ్మ చుట్టూ వలయంగా కూర్చున్నారు. గౌరయ్య ముందుకు వచ్చి, కూసోని మాట్లాడుకుందాం మేడం అంటూ కుర్చీ వేశాడు. ఆ కుర్చీ వేసిన తీరులో, లేవడానికి అనుమతి అడగాల్సి ఉంటుందన్న సంగతి స్పష్టంగా ఉంది.

ఇదే సమయానికి షెడ్డులో భవిత, అన్నీ సర్ది, బల్ల మధ్యలో పెట్టడానికి జుర్రుపిట్ట బొమ్మ కోసం గదిలోకి వెళ్లింది. గూడు ఖాళీగా ఉంది. ముంగిట్లోకి పరుగెత్తింది. టెంటు మధ్యలో స్టూలు మీద జుర్రుపిట్ట కూర్చుని ఉంది. ఒళ్లంతా పసుపు, నుదుట కుంకుమ, మెడలో వేపాకు దండ. దాని ముందు కొబ్బరికాయలు, నిమ్మకాయలు, ఒక పెద్ద కట్ట రక్తపరీక్షల రిపోర్టులు. వాటిలో కొన్ని భవిత పనిచేసే కేంద్రానివే. ఇగో మొక్కు పిల్ల వచ్చిందని ఎవరో అన్నారు. వలయానికి అవతల కుర్చీలో ఫైలు ఒళ్లో పెట్టుకుని పద్మలత, ఆవిడ పక్కన కత్తి, మేకతో విశ్వతేజ.

భవిత అవ్వను నీళ్ల డ్రమ్ము వెనక్కు తీసుకుపోయింది. గిదంత ఏందవ్వా అని అడిగింది. అవ్వ చెప్పింది. భవిత తనవైపు సంగతి చెప్పింది. ఆట సంగతి, వేట అంటే వేటాడటమని, ఆ కుర్చీలో కూర్చున్న ఆవిడ సరేనంటేనే పుస్తకం ఉంటుందని, లేకపోతే రెండేళ్ల పని ఇక్కడితో ముగిసిపోతుందని. బాలనర్సమ్మ డ్రమ్ము అంచు పట్టుకుని టెంటు వైపు చూసింది. యాభైమంది ఆమె మాట మీద వచ్చారు. జీవితంలో ఆమె పిలిచిన పిలుపు ఎన్నడూ ఉత్తది కాలేదు. ఇప్పుడు కాబోతోంది.

"ఉన్నదున్నట్టు సెప్పు బిడ్డా," అంది చివరికి. "నువ్వు దాసి పెడితే నీ పుస్తకం వోతది. సెప్తే నా మొకం వోతది. నా మొకం డెబ్బై ఏండ్లది, పుస్తకమే కొత్తది."

అలాంటి నాయనమ్మ ఉన్నవాళ్లు అదృష్టవంతులు. భవిత కళ్లు తుడుచుకుని టెంటు మధ్యకు వెళ్లింది. తప్పు తనదేనని, అవ్వది కాదని ముందు చెప్పింది. ఇది అమ్మవారు కాదని, తాను ఊహించిన పిట్ట అని, ఆట కోసం చేసిందని చెప్పింది. ఈ మేడం ఏ ఆఫీసు నుంచీ రాలేదని, పుస్తకంలోంచి మాత్రమే పిట్టను తీసేయమంటున్నారని చెప్పింది. దుర్గాబాయి లేచి తన రిపోర్టులు తీసుకోవడానికి స్టూలు దగ్గరికి వచ్చింది. కానీ తీసుకోలేదు. పిట్ట మొహంలోకి కాసేపు చూసి, పద్మలత వైపు తిరిగింది.

"అమ్మవారు గాకపోతె మానె. పిట్టనైతె ఎందుకు తీసేస్తవమ్మా?"

పద్మలత ఫోన్‌లో చెప్పిందే మళ్లీ చెప్పింది. ఇలాంటివి వస్తాయి, తాగుతాయి, చస్తాయని. ఎట్ల చస్తదో చూపమన్నాడు గౌరయ్య. ఆయన పొద్దున్నే దూలపల్లి నుంచి పోతును ఎక్కించుకుని వచ్చాడు. ఏదో ఒకటి చూడకుండా తిరిగి వెళ్లే ఉద్దేశం ఆయనకు లేదు. భవిత పద్మలత వైపు చూసింది. పద్మలత వాచీ చూసుకుని, ఆట చూడటానికే కదా వచ్చానంది.

పటం షెడ్డులోనే ఉండిపోయింది. తివాచీ మీద ముగ్గుపిండితో గుట్ట గీసి, భవిత కథ మొదలుపెట్టింది. గుట్టలో గుహ, గుహ కప్పుకు జుర్రుపిట్ట. అది ఎలా వాలుతుందో, నరం ఎలా వెతుకుతుందో చెబుతుంటే ఆమె చేతులు అలవాటుగా గాలిలో ఒక చేయి పట్టుకున్నాయి. ఏళ్ల తరబడి సూదులు పొడిపించుకుంటున్నవాళ్లు చాలామంది ఉన్న సభ అది. ఒక్క పోటుకే నరం దొరుకుతుందన్న మాటకు చుట్టూ మెచ్చుకోలు మూలుగు వినిపించింది. మా దవాఖానల గూడ అట్లాంటిది ఒకటుంటే బాగుండునని దుర్గాబాయి నిజమైన గౌరవంతో అంది.

పిట్ట తాగింది. ఎగరలేక వేలాడింది. వజ్రకంఠుడు మేక తాడును లిఖితకిచ్చి, దుప్పటి సర్దుకుని, గుహలో అడుగుపెట్టాడు. పాచిక విసిరితే పద్దెనిమిది పడింది. చావుదెబ్బ. కత్తి ఎత్తాడు.

"ఆగు," అన్నాడు గౌరయ్య. "కడుపునిండి కదల్లేని దాన్ని కొట్టుడేంది? మేసొచ్చిన జీవాన్ని మా దిక్కు ఎవ్వడు కొట్టడు."

కథలో ఉన్నవాళ్లు ఎవరైనా అడ్డుపడొచ్చని, పాచిక వేయాలని భవిత చెప్పింది. మరి మేము కథల ఉన్నమా అని ఆయన అడిగాడు. ఈ ప్రశ్న ఆమెను రెండేళ్లలో ఎవరూ అడగలేదు.

"గుట్ట కింద ఊరున్నది తాతా. ఆ ఊరోళ్లు మీరే."

గౌరయ్య పాచిక విసిరాడు. పంతొమ్మిది. వజ్రకంఠుడి కత్తి గాలిలో ఆగిపోయింది. అయితే ఊరికే ఆపితే ఎలా అని విశ్వతేజ న్యాయం అడిగాడు. ఆ పిట్ట ఊరివాళ్ల రక్తమే కదా తాగేది, దాని తరఫున జవాబు చెప్పేదెవరు? భవిత రాసిన నూట నలభై పుటల్లో జుర్రుపిట్టకు ఒక్క మాట కూడా లేదు. ఆమె డ్రమ్ము దగ్గరే నిలబడిపోయిన అవ్వ వైపు తిరిగి, దాని మాట నువ్వే చెప్పమంది. పద్మలత ఫైలు తెరిచింది.

బాలనర్సమ్మ నెమ్మదిగా వచ్చి స్టూలు పక్కన కూర్చుంది. అందరి మొహాలూ చూసింది. వాళ్లను పిలిచింది ఆమె, వాళ్లకు జవాబు చెప్పాల్సిందీ ఆమే. కొంగు నోటికి అడ్డం పెట్టుకుని తీసేసింది.

"నేను ఎవ్వల్ని సంపలే. ఆకలైతె వస్త, రెండు గిలాసలు తాగుత. తాగినంక ఎగురరాదు. ఆ జరసేపట్ల నన్ను పోరగాడు గూడ సంపొచ్చు. అది తెల్సి గూడ మీ కాడికి వస్త. మీ ఇంట్ల బువ్వ తింటె మీకు పాణం మీదికొస్తదంటె మీరు తింటరా?"

ఆ మాటల్లో పిట్ట ఎంత ఉందో, యాభైమందికి ఒంటరిగా బువ్వ పెట్టబోయిన మనిషి ఎంత ఉందో చెప్పడం కష్టం. భవిత రెండేళ్లుగా దాని ముక్కు గురించీ కాళ్ల గురించీ రాసింది గానీ, అది ఎంత ధైర్యం గల ప్రాణో ఇప్పుడే తెలిసింది.

దుర్గాబాయి ముందుకు జరిగి, పిట్టనే అడిగింది. "నా నెత్తుర్ల షుగరున్నది. తాగుతవా?"

బాలనర్సమ్మ ఆలోచించింది. "తియ్యగుంటె ఇంక మంచిది," అంది.

టెంటంతా నవ్వులతో కదిలింది. ఆ నవ్వుల మధ్యే దుర్గాబాయి వెళ్లి తివాచీ మీద, ముగ్గుపిండి గుహ ముందు, చేయి చాచి కూర్చుంది. ఆమె వెనక ఇంకొకామె, ఆమె వెనక ఇద్దరు. ఐదు నిమిషాల్లో ముప్ఫై మంది వరస. తోసుకోవడం చూసి భవితలో టెక్నీషియన్ మేల్కొంది. పరగడుపున వచ్చినవాళ్లు ఒక వరస, తిని వచ్చినవాళ్లు ఒక వరస అని విడదీసింది. ఒక్కొక్కరికీ పాచిక ఇచ్చింది. పదికి పైన పడినవాళ్ల రక్తం పిట్టకు నచ్చుతుంది, తక్కువ పడినవాళ్లు వచ్చే వారం రావాలి. తక్కువ పడినవాళ్లు బతిమాలారు. బాలనర్సమ్మ పిట్టగొంతుతో కొందరిని కరుణించింది, కొందరికి మామిడిపళ్లు మానమని చెప్పి పంపింది. లిఖిత ఎప్పుడో అన్నను వదిలేసి పిట్ట వైపు చేరి, వరస సరిచేస్తోంది. వజ్రకంఠుడు పిట్ట దగ్గరికి పోవడానికి మూడుసార్లు ప్రయత్నించాడు. మూడుసార్లూ వరసలో రమ్మన్నారు. చివరికి అతనూ కత్తి చంకలో పెట్టుకుని, తిని వచ్చినవాళ్ల వరసలో ఇరవై ఆరోవాడిగా నిలబడ్డాడు.

ఒంటిగంటకు వంటవాళ్లు వచ్చి, కూర గుండిగ ఖాళీగా కాగుతోందని, పోతును ఎవరు కోస్తారని అడిగారు. గౌరయ్య అప్పుడు పరగడుపు వరసలో రెండోవాడు, కదిలితే వరస పోతుంది. పోతు సంగతి మొక్కున్నప్పుడు చూద్దామని, దాన్ని దూలపల్లికి వాపసు తీసుకుపోతానని చెప్పాడు. యాటకూర కోసం మూడు ఊళ్ల నుంచి వచ్చిన జనం బగారన్నంలో పచ్చిపులుసు పోసుకుని తిన్నారు, ఒక్కరూ మాట అనలేదు. పోతూ పోతూ బాలనర్సమ్మ చేతులు పట్టుకుని, మళ్లీ ఎప్పుడని అడిగారు. ఆమె పిలుపు ఉత్తది కాలేదు.

జనం పలచబడ్డాక పద్మలత ఫైలు మూసింది. నాలుగు కాగితాలు రెండు వైపులా నిండిపోయాయి. భవిత వచ్చి ఎదురుగా నిలబడింది.

"ఇరవై ఏళ్లుగా ఇలాంటి ఆటలు చూస్తున్నాను," అంది పద్మలత. "రాక్షసిని చంపడానికి జనం ఎగబడటం చూశాను. దానికి చేయి చాచి వరసలో కూర్చోవడం ఇదే చూడటం. పిట్ట ఉంటుంది. పుస్తకమూ వేస్తాను."

భవిత వెళ్లి స్టూలు పక్కన, అవ్వ దగ్గర కూర్చుంది. పద్మలత ఇంకా ముగించలేదు. తీసేయాల్సింది పిట్టను కాదు, మిగతాదాన్ని అంది. రాజులు వద్దు, కోటలు వద్దు, శాపాలు అసలే వద్దు. ఒక గుట్ట, దాని కింద ఒక ఊరు, పిట్ట, అవ్వ చెప్పిన మాటలు. నలభై పుటలు చాలు. రెండేళ్లలో రాసిన వంద పుటలు ఒక్క మాటతో పోతుంటే భవిత ఏడవాల్సింది. ఆమె మాత్రం అవ్వ ఒళ్లో తల పెట్టి పకపకా నవ్వింది. బాలనర్సమ్మ ఆ తల నిమురుతూ, పుస్తకంలో తన మాటలు తనలాగే ఉండాలని, సరిచేస్తే ఒప్పుకోనని పద్మలతకు అప్పుడే చెప్పేసింది.

పుస్తకం మరుసటి వేసవిలో అచ్చయింది. పాత ఆటలోని వీరులందరూ పోయారు. వజ్రకంఠుడికి మాత్రం, విశ్వతేజ పట్టుబట్టినందువల్ల, పదకొండో పుటలో చోటు దొరికింది, జుర్రుపిట్ట ఆహారం అనే పట్టికలో, మూడో వరసలో.